తాళము వేసే ముందు తలుపు తట్టవలెను

ఒడుగత్తూరు మొదలు గుడియాత్తం దాకా మన నేతవారి ఇండ్లలో "ఖాతా నిద్రపోయింది" అంటే ఏమిటో ఇప్పుడు ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. పాస్‌బుక్కు పట్టుకొని బ్యాంకుకు పోతే లోపల సొమ్ము ఉన్నది గాని తీయుటకు వీలులేదంటారు. కారణమేమయ్యా అని అడిగితే, రెండేండ్లుగా మీరు ఈ ఖాతాను ముట్టలేదు గనుక కంప్యూటరు ఆపివేసినదంటారు. కష్టపడి కూడబెట్టిన సొమ్మును ఖర్చు చేయకుండా ఉంచుకొన్నందుకు ఇదా ఫలితము అని ఇంటి పెద్దలు అడుగుతారు. అడుగుట న్యాయమే. అయితే కంప్యూటరు ఇట్లా ఎందుకు చేస్తుందో, అందులో మంచి ఎంతో చెడు ఎంతో మన సభ్యులు కొంచెము ఓపికగా ఆలోచించవలసి ఉన్నది.

నా అభిప్రాయము ముందే చెప్పివేస్తాను. మన సొసైటీ కార్యాలయములలోని కంప్యూటరుకు ఈ తాళములు ఇప్పటికంటె త్వరగా, ఇప్పటికంటె గట్టిగా పడవలెను. నేతపని చేసే మనిషి సొంత ఖాతాకు మాత్రము ఆ మనిషిని పిలిచి అడగకుండా తాళము పడరాదు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి విరుద్ధముగా కనబడవచ్చును. కాని ఒకటి ఉద్యోగము, రెండవది ఆస్తి. ఉద్యోగము మానినవానికి బీరువా తాళపుచెవి అక్కరలేదు. ఇల్లు విడిచి ఊరికి పోయినవాడు మాత్రము ఇంటి తాళపుచెవి నడుమున కట్టుకొనే పోతాడు.

కంప్యూటరులో ప్రతి మనిషికీ ఒక పేరు, ఒక రహస్యపు మాట ఉంటవి. ఆ రెండూ చెప్పి లోపలికి పోవుటనే లాగిన్ అంటున్నాము. 1960 దశకము మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయములో ఒకే యంత్రమును పలువురు పంచుకొనవలసి వచ్చినది. ఒకరి కాగితములు మరొకరు చూడకుండా ఉండుటకు అక్కడ ఈ పాస్‌వర్డు ఏర్పాటు చేసినారు. అప్పటి నుండి ఇప్పటివరకు పద్ధతి పెద్దగా మారలేదు. లోపలికి పోయిన ప్రతిసారీ ఎవరు వచ్చినారు, ఏ రోజున, ఏ గంటకు, ఏ యంత్రము నుండి వచ్చినారు అనేది కంప్యూటరు తనకు తానే వ్రాసుకొంటుంది. కార్ఖానాలో హాజరు పట్టీ ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే. తేడా ఏమంటే ఈ పట్టీలో ఒకరికి బదులు మరొకరు సంతకము పెట్టితే, పెట్టిన గంట కూడా దానిలో పడుతుంది. మనదేశములో కంప్యూటరు భద్రత చూసే సెర్ట్-ఇన్ అనే ప్రభుత్వ సంస్థ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశములలో ఇట్టి పట్టీలను 180 రోజులు భద్రపరచవలెనని చెప్పినది. కార్డులతో సొమ్ము పుచ్చుకొనే వ్యాపార సంస్థలన్నిటికీ వర్తించే అంతర్జాతీయ నియమావళిలో, 90 రోజులు వాడని లాగిన్‌ను తీసివేయవలెను, లేదా ఆపివేయవలెను అని ఉన్నది.

వాడనిదానిని ఎందుకు ఆపవలెను, దాని వలన ఎవరికి నష్టము అని అడుగవచ్చును. 2021 మేలో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ అనే కంపెనీకి జరిగినది దీనికి జవాబు. ఆ దేశపు తూర్పు తీరమునకు పెట్రోలు, డీజిలు చేరవేసే పెద్ద గొట్టపు మార్గము ఆ కంపెనీది. బయటి నుండి కార్యాలయపు యంత్రములోనికి వచ్చుటకు పూర్వమెన్నడో ఇచ్చిన లాగిన్ ఒకటి ఉండినది. దానిని ఎవరూ వాడుట లేదు, ఎవరూ మూయనూ లేదు. రహస్యపు మాట ఒక్కటి తెలిస్తే చాలు, ఫోనుకు వచ్చే రెండవ అంకె కూడా అడగదు. దొంగలు ఆ దారినే లోపలికి వచ్చినారు. కంపెనీ గొట్టము ఆపవలసి వచ్చినది. పెట్రోలు బంకుల వద్ద జనము బారులు తీరినారు. దొంగలకు చెల్లించినది సుమారు 44 లక్షల డాలర్లు. అందులో కొంత భాగమును ప్రభుత్వము తరువాత రాబట్టగలిగినది. అంత పెద్ద కంపెనీకే ఒక్క మరచిపోయిన తలుపు వలన ఇంత జరిగినది.

మన కార్యాలయముల సంగతి ఇప్పుడు చూచుకొందాము. ఏ చేనేత సొసైటీనైనా తీసుకొనండి. నూలు ఇండెంటు కంప్యూటరులోనే. జాతీయ చేనేత అభివృద్ధి సంస్థవారి ఈ-ధాగా యాప్‌లో చిలప నూలు కావలెనని అడిగితే, 15 శాతము ధర రాయితీ లెక్క కూడా అందులోనే పడుతుంది. ప్రభుత్వ కార్యాలయములకు దుప్పట్లు, తువ్వాళ్లు అమ్మే జెమ్ అంగడి కంప్యూటరులోనే. జి.ఎస్.టి. లెక్కలు కంప్యూటరులోనే. బ్యాంకు నుండి సభ్యుల కూలి పంపుట కూడా చాలాచోట్ల అందులోనే. ఇవన్నీ తెరిచే పేరు, రహస్యపు మాట ఎవరి చేతిలో ఉన్నవి? గుమాస్తా చేతిలో. ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుంది? గుమాస్తా ఫోనుకు. ఆయన మంచి మనిషే అనుకొందాము. పెండ్లి చేసుకొని బెంగుళూరు పోయినాడు, లేక వేలూరులో మంచి జీతము దొరికి పోయినాడు. తలుపు తాళపుచెవి, బీరువా తాళపుచెవి, రబ్బరు ముద్ర అప్పగించి కార్యదర్శిగారి వద్ద సంతకము పెట్టి పోయినాడు. లాగిన్ అప్పగించినాడా? అడిగినవారు ఎవరు?

ఇది గుమాస్తాల మీద నింద కాదు. పోయిన గుమాస్తాకే దీని వలన ఎక్కువ ప్రమాదము. ఆయన పేరు మీద తలుపు తెరిచి ఉన్నంత కాలము, లోపల ఏ తప్పు జరిగినా హాజరు పట్టీలో కనబడేది ఆయన పేరే. నూలు నిల్వలో పది కట్టలు తేడా వచ్చిన నాడు, నేను ఆ ఉద్యోగము మాని ఏడాదియైనది అని ఆయన ఎంత చెప్పినా పట్టీ వేరే చెపుతుంది. కాబట్టి ఉద్యోగము విడిచిన రోజు సాయంత్రమే ఆ పేరుకు తాళము పడవలెను. 90 రోజులు ఆగవలసిన పని లేదు. ఆ గడువు మనము మరచిపోయిన పేర్లను పట్టుకొనుటకే గాని, తెలిసి తెలిసి తెరిచి ఉంచుటకు కాదు. జి.ఎస్.టి. వద్ద అధికారపు సంతకముదారుగా పాతవారి పేరు, పాతవారి ఫోను నంబరు ఉంటే దానిని మార్చించుట కూడా ఆ వారములోనే జరగవలెను. మరుసటి రిటర్నుకు గడువు దగ్గరపడిన తరువాత బెంగుళూరుకు ఫోను చేసి "తమ్ముడూ, అంకె ఒకటి వచ్చింది, చెప్పయ్యా" అని బతిమాలుట మన సంఘములకు గౌరవము కాదు.

తాళము వేయుట వేరు, పేరు చెరిపివేయుట వేరు. కంప్యూటరు తెలిసిన కుర్రవాడు ఎవరైనా వచ్చి "పాత పేర్లన్నీ తుడిచివేస్తానండీ, శుభ్రముగా ఉంటుంది" అంటే ఒప్పుకొనవద్దు. ఏ బిల్లు ఎవరు వ్రాసినారు, ఏ పడుగుకు ఎవరు నూలు ఇచ్చినారు అనేది పేరు ఉంటేనే ఆడిటుకు దొరుకుతుంది. పేరు ఉండవలెను, దారి మూయవలెను. మరొక చిక్కు కూడా ఉన్నది. పెద్ద కార్యాలయములలో పలు యంత్రములను కలిపి నడిపే విండోస్ పద్ధతిలో, ఒక మనిషి చివరిసారి వచ్చిన తేదీ అన్ని యంత్రములకూ వెంటనే తెలియదు. తొమ్మిది మొదలు పదునాలుగు రోజుల వరకు పాత తేదీయే కనబడవచ్చును. అది ఆ పద్ధతి స్వభావము. కనుక పది రోజులు రాలేదని లెక్కగట్టి తాళము వేస్తే, నిన్న వచ్చి పని చేసినవాని ముఖము మీదనే తలుపు పడుతుంది. యంత్రము చెప్పిన తేదీని కూడా మనిషిని అడిగి సరిచూచుకొనవలెననుటకు ఇది ఒక సాక్ష్యము.

ఇంతవరకు చెప్పినది కార్యాలయపు సంగతి. అసలు బాధ మన ఇండ్లలో ఉన్నది.

బ్యాంకు ఖాతాను గురించి 2024 ఏప్రిల్ 1 నుండి అమలుకు వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనలు ఇట్లా ఉన్నవి. ఖాతాదారు తానుగా ఏ లావాదేవీ చేయక రెండేండ్లు దాటితే ఖాతా నిద్రలోనికి పోతుంది. బ్యాంకువారు వేసిన వడ్డీ, కోసుకొన్న చార్జీలు లెక్కకు రావు. పదేండ్లు అట్లే ఉంటే సొమ్ము రిజర్వు బ్యాంకువారి డిపాజిటర్ల విద్య, అవగాహన నిధికి పోతుంది. పోయినా హక్కు పోదు. ఖాతాదారు గాని వారసులు గాని ఎప్పుడు అడిగినా బ్యాంకు ఇవ్వవలసినదే. 2024 మార్చి నెలాఖరుకు ఇట్లా అడిగేవారు లేక చేరిన సొమ్ము 78,213 కోట్ల రూపాయలు. దీనిలో మన మగ్గములవారి సొమ్ము ఎంతో చెప్పుటకు వీలులేదు గాని, ఈ సొమ్మంతా కోటీశ్వరులు మరచిపోయినది అని నేను అనుకొనను. కోటీశ్వరునికి లెక్క చూచే గుమాస్తాలు ఉంటారు.

ఈ నిబంధనలలో మనకు ఉపకరించేది ఒకటి ఉన్నది. మనవారిలో చాలమందికి తెలియదు. సొమ్ము వేయుట, తీయుట మాత్రమే లావాదేవీ కాదు. ఏటీఎంలో నిల్వ ఎంతో అడిగినా సరే, బ్యాంకువారి ఫోను యాప్‌లో పేరు చెప్పి లోపలికి పోయి వచ్చినా సరే, గుర్తింపు కాగితములు కొత్తవి ఇచ్చినా సరే, ఖాతా మేలుకొని ఉన్నట్లే లెక్క. అనగా కంప్యూటరు మన రాకపోకలు వ్రాసుకొనే ఆ పట్టీయే ఇక్కడ మనలను కాపాడుతుంది. ఏడాదికి ఒకసారి, ఉగాదికో ఆడినెలకో, కార్డు తీసుకొనిపోయి నిల్వ చూచి వస్తే చాలు. పది రూపాయలు తీయనక్కరలేదు.

అయితే ఖాతా ఎందుకు నిద్రపోతుంది? మనవారు బద్ధకస్తులు గనుకనా? కాదు. సొసైటీకి నేసేవారికి కూలి ఖాతాకు వస్తే, సావుకారుకు నేసేవారికి వారపు కూలి ఇప్పటికీ రొక్కముగా చేతికే వస్తున్నది. చేతికి వచ్చినది శనివారము సంతతోనే సరి. బ్యాంకులో ఉన్నది అమ్మాయి పెండ్లికో, రోగమునకో దాచినది. దానిని ముట్టకుండుటే మన ఇండ్లలో పొదుపు. కంప్యూటరుకు ఈ సంగతి ఎట్లా తెలుస్తుంది? ముట్టని సొమ్మును అది దిక్కులేని సొమ్ము అనుకొంటుంది. ఇక గుంట మగ్గము సంగతి. వానలకు గుంటలో నీరు ఊరితే పని ఆగుతుంది. 2021 నవంబరులో మోర్ధానా జలాశయము నిండి కౌండిన్య నదికి వరద వచ్చినది. అంతకు ముందు ఏడాది మార్చిలో కరోనా మూలముగా దేశమే ఆగినది. పని ఆగినపుడు కుర్రవారు తిరుప్పూరుకో బెంగుళూరుకో పోతారు. రెండేండ్లు అనేది బ్యాంకు గుమాస్తాకు పెద్ద కాలము. మగ్గము మూతపడిన ఇంటికి అది ఇట్టే గడచిపోతుంది. ఇది మన ఒక్కరి కథ కూడా కాదు. 2025 జూలై నెలాఖరుకు జన్‌ధన్ ఖాతాలు 56 కోట్లు ఉండగా, వాటిలో 13 కోట్లకు పైగా నడవక పడి ఉన్నవని పార్లమెంటులో ప్రభుత్వమువారే చెప్పినారు.

నిబంధన చదివితే దయగలదిగానే కనబడుతుంది. ఏడాది దాటినపుడే బ్యాంకువారు ఖాతాదారుకు తెలియజేయవలెనని ఉన్నది. జాబు తిరిగివస్తే మనిషి ఎక్కడ ఉన్నదీ విచారించవలెనని ఉన్నది. వారసులను వెదకవలెనని ఉన్నది. ప్రభుత్వ పథకముల కొరకు తెరిచిన నిల్వ అక్కరలేని ఖాతాలను ఈ రెండేండ్ల లెక్క నుండి తప్పించవలెనని ఉన్నది. నిద్రపోయిన ఖాతాను లేపుటకు రుసుము తీసుకొనరాదు, నిల్వ తక్కువైనదని జరిమానా వేయరాదు. కాగితములన్నీ ఇచ్చిన తరువాత మూడు పనిదినములలో లేపవలెను. ఇవన్నీ ఉన్నవి. మరి చిక్కు ఎక్కడ? "తెలియజేయుట" అనే మాటలో ఉన్నది. తెలియజేయుట అంటే ఫోనుకు ఇంగ్లీషులో ఒక సందేశము. ఆ ఫోను నంబరు ఉన్నదో లేదో ఎవరు చూచినారు?

ఇక్కడ ఒక తాళము మరొక తాళమును పిలుస్తుంది. సిమ్ము కార్డును 90 రోజులు వాడకపోతే ఫోను కంపెనీ దానిని ఆపివేయవచ్చును. ఇరవై రూపాయలైనా నిల్వ ఉంటే దానిలోనుండి కోసుకొని ఇంకొన్నాళ్లు ఉంచవలెనని నియమము. ఆ నిల్వ లేకపోతే నంబరు పోతుంది. కొన్నాళ్లకు అదే నంబరు ముక్కు మొగము తెలియని మరొకరికి ఇస్తారు. బ్యాంకు పంపే హెచ్చరిక ఆ మనిషికి పోతుంది. ఓటీపీ కూడా ఆ మనిషికే పోతుంది. యూపీఐ పేరును ఏడాది వాడకపోతే దానికి వచ్చే సొమ్మును ఆపవలెనని 2023 నవంబరులో నేషనల్ పేమెంట్సు కార్పొరేషన్ ఉత్తరువు ఇచ్చినది. నంబరు చేతులు మారుతున్నది గనుక ఆ ఉత్తరువు మంచిదే. మొత్తము మీద ఫోను కంపెనీకి మూడు నెలలు, యూపీఐకి ఏడాది, బ్యాంకుకు రెండేండ్లు. మొదటి తాళము పడినపుడే మేలుకొనని ఇంటికి తరువాతి రెండు తాళముల చప్పుడు వినబడదు.

మన యువకులు జాకార్డు డిజైన్లు గూగులులో దాచుకొంటున్నారు. వారికి కూడా ఒక మాట. రెండేండ్లు తెరవని సొంత ఖాతాను, దానిలోని బొమ్మలతో సహా, చెరిపివేయవచ్చునని ఆ కంపెనీ 2023 మేలో ప్రకటించినది. ఆ ఏడాది డిసెంబరు నుండి అమలు మొదలైనది. పంచ్ కార్డులైతే అటక మీద ఎలుక కొరికినా సగము మిగులుతవి. ఇక్కడ సగము మిగలదు.

మరణించినవారి ఖాతాల సంగతి ఇంకా కష్టము. నిద్రపోయిన డిపాజిట్లు ఎక్కడ ఉన్నవో వెదకుటకు రిజర్వు బ్యాంకువారు 2023 ఆగస్టులో ఉద్గం అనే తలుపు తెరిచినారు. పేరు కొట్టితే ఏ బ్యాంకులో ఉన్నదో చెపుతుంది. మంచి ఏర్పాటే. కాని పేరు ఎట్లా కొట్టవలెను? మనము తెలుగువారము. తమిళదేశములో ఉన్నాము. మన ఇంటిపేర్లు కాగితములలో ఏనాడో మాయమై తండ్రి పేరు మొదటి అక్షరము మిగిలినది. తమిళ లిపిలో దకారమునకు తకారమునకు తేడా లేదు, బకారమునకు పకారమునకు తేడా లేదు. ఇంటిలో దేవకమ్మ, రేషను కార్డులో తేవకి, బ్యాంకులో మూడవ రకము. మనవరాలు ఫోను పట్టుకొని "అవ్వా, నీ పేరు ఇక్కడ లేదే" అంటే, పేరు లేదని అర్థము కాదు. ఆనాడు గుమాస్తా వ్రాసిన తీరు వేరని అర్థము. నాలుగైదు విధములుగా వ్రాసి చూడవలెను. పాత పాస్‌బుక్కు మొదటి పుట ఇంటిలో ఉంటే దానిలో ఉన్నట్లే అక్షరము తప్పకుండా వ్రాయవలెను. పాత పాస్‌బుక్కులను దయచేసి పారవేయవద్దు.

బ్యాంకుల పక్షమున చెప్పదగినది లేకపోలేదు. అడిగేవారు లేని ఖాతా దొంగకు ఇష్టమైన ఖాతా. ముసలమ్మ పదేండ్లు చూడని ఖాతా నుండి లోపలివారే సొమ్ము తీసినా ఎవరికీ తెలియదు. అందుచేత తాళము మనకు కూడా కాపలాయే. నేను తాళము వద్దనుట లేదు. వేసే ముందు పిలువవలెను, పిలిచినది వినబడవలెను, తెరిచే చోటు దగ్గరగా ఉండవలెను అంటున్నాను. మూడవదానికి కొంత దారి ఏర్పడినది. నిద్రపోయిన ఖాతాకు కాగితములు ఏ బ్రాంచిలోనైనా ఇవ్వవచ్చును. 2025 జూన్ నుండి ఊరిలోని బ్యాంకు మిత్రుల ద్వారా కూడా ఈ పని జరుపుటకు అనుమతి ఇచ్చినారు. ఒక రోజు కూలి పోగొట్టుకొని, బస్సు పట్టుకొని పట్నమునకు పోయి, అక్కడ భోజనము వేళ అని చెప్పించుకొని తిరిగివచ్చుట అనే పని ఇకనైనా తగ్గవలెను. "రేపు రండి" అనే మాటకు మగ్గము మీద ఎంత ఖరీదో బల్లకు అవతల కూర్చున్నవారికి తెలియదు.

మొదటి రెండింటికీ బ్యాంకుల కోసము కాచుకొని కూర్చోవలసిన పని లేదు. మనిషి ఎక్కడ ఉన్నాడో మన సంఘమునకు తెలిసినట్లు ఏ యంత్రమునకు తెలుసును? ఎవరి మగ్గము ఆడుతున్నది, ఎవరి పడుగు గుంటలోనే ఆగినది, ఎవరి కొడుకు తిరుప్పూరులో ఉన్నాడు, ఏ అవ్వకు చూపు తగ్గినది అనేది నూలు పంచే మనిషిని అడిగితే చెపుతాడు. బ్యాంకు పంపిన ఇంగ్లీషు సందేశమును చదివి తెలుగులో చెప్పుటకు ఒక మనిషి, వారమునకు ఒక సాయంత్రము సంఘ కార్యాలయములో కూర్చుంటే సగము పని తీరుతుంది. అంతమాత్రము చేత సభ్యుల రహస్యపు మాటలు సంఘపు పుస్తకములో వ్రాసిపెట్టుకొనరాదు. అది మేలు చేయబోయి దొంగకు దారి చూపుట అవుతుంది. సభ్యుని పేరు, బ్యాంకు పేరు, చివరిసారి ఖాతా ముట్టిన నెల, ఇప్పుడు నడుస్తున్న ఫోను నంబరు, వారసునిగా పెట్టిన వారి పేరు ఉన్నదా లేదా, ఈ అయిదే చాలు.

రాబోయే మహాజన సభకు కార్యదర్శిగారు రెండు జాబితాలు తీసుకొని రావలెనని కోరుచున్నాను. మొదటిది, కార్యాలయపు కంప్యూటరులోను, నూలు, జెమ్, జి.ఎస్.టి., బ్యాంకు లాగిన్లలోను ఇప్పుడు తెరిచి ఉన్న పేర్లు, వారిలో ఉద్యోగములో లేనివారు ఎవరు అనేది. దీనికి ఒక గంట చాలును. ఆ సభలోనే తీర్మానము చేసి మూయించవచ్చును. రెండవది, ఏడాదిగా ఖాతా ముట్టని సభ్యుల జాబితా. దానికి వీధి వీధి తిరిగి పాస్‌బుక్కులు చూడవలసి ఉంటుంది. ఫోను వాడుట తెలిసిన మన పిల్లలు, ముఖ్యముగా కాలేజీలో చదివే ఆడపిల్లలు, సెలవులలో వీధికి ఇద్దరు చొప్పున ఈ పనికి పూనుకొంటే బాగుండును. రాదలచినవారు తమ పేర్లు ఈ నెలలోపల సంఘ కార్యాలయములో ఇవ్వగలరు.